30 ల్యాప్‌టాప్‌లు, ఒక్క నెట్ లైన్: మన గదిలోనే డాకర్ ఇమేజ్ క్యాష్ పెట్టుకుందాం

ఇవాళ గాజువాకలో మా ఆదివారం ల్యాబ్ గదిలోంచే మాట్లాడుతున్నాను. పైన రేకుల కప్పు, వెనక ఫ్యాన్ చప్పుడు, కొంచెం సర్దుకోండి. అదిగో, టేబుల్ కింద ఒక పాత డెస్క్‌టాప్ కనబడుతోంది కదా? మూత కూడా సరిగ్గా పట్టదు దానికి. ఇవాళ్టి ఎపిసోడ్‌కి హీరో అదే.

దాని పని ఒక్కటే. డాకర్ ఇమేజ్‌లు ఒకసారి ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుని దగ్గర పెట్టుకోవడం, గదిలో ఎవరడిగినా ఇచ్చేయడం. దీన్నే లోకల్ ఇమేజ్ క్యాష్ అంటారు. ఇక్కడ క్యాష్ అంటే డబ్బులు కాదండోయ్. అయినా డబ్బులు మిగులుస్తుంది, ఎలాగో చెప్తాను.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ తప్పు చేయకపోతే ఈ వీడియో ఉండేది కాదు.

నేను వారమంతా ఉద్యోగం చేసుకుని, ఆదివారాలు కొంతమంది పిల్లలకి ఉచితంగా ప్రోగ్రామింగ్ చెప్తుంటాను. డాకర్ మొదటి క్లాస్ రోజున 30 మంది వచ్చారు. గదిలో ఒకే బ్రాడ్‌బ్యాండ్. నేను హుషారుగా బోర్డు మీద నాలుగు ఇమేజ్‌ల పేర్లు రాసేశాను: పైథాన్, పోస్ట్‌గ్రెస్, రెడిస్, ఎన్‌జిన్‌ఎక్స్. "అందరూ డౌన్‌లోడ్ కొట్టండి, ఈలోగా నేను థియరీ చెప్తా" అన్నాను.

థియరీ అయిపోయింది. డౌన్‌లోడ్ అవలేదు. ముందు వరుసలో వాళ్ళకి మెల్లగా వస్తోంది. వెనక వరుసలో ఎర్రటి అక్షరాలు వచ్చాయి. దాని సారాంశం ఏమిటంటే, మీరు పుల్ రేట్ లిమిట్ దాటేశారు, తర్వాత రండి అని.

వెనక వరుసలో ఎవరు కూర్చుంటారు? ఆలస్యంగా వచ్చినవాళ్ళు. ఆలస్యంగా ఎవరొస్తారు? దూరం నుంచి బస్సు పట్టుకుని వచ్చేవాళ్ళు. పెదగంట్యాడ వైపు నుంచి ఒక అమ్మాయి వస్తుంది. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, డిగ్రీ చదువుతోంది. గది నెట్‌లో రావట్లేదని తన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్. ఇమేజ్‌లు దిగుతూ మధ్యలో ఆగిపోయాయి, మళ్ళీ మొదలుపెట్టింది. అరగంటకి మెసేజ్ వచ్చేసింది, ఈ రోజు డేటా అయిపోయిందని. లేచి నా దగ్గరికొచ్చి, "సార్, ఇంట్లో ఈ ఫోన్ ఒక్కటే. సాయంత్రం తమ్ముడికి ఆన్‌లైన్ టెస్ట్ ఉంది. నేను వెళ్తాను" అంది. అడగకుండానే రీఛార్జ్ వోచర్ చేయిస్తానన్నాను. వద్దంది. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి డేటా అయిపోవడానికి కారణం ఇంటర్నెట్ కాదండి. నేనే. ముందు రోజు ఒక గంట కూర్చుని ఉంటే ఆ ఇబ్బందే వచ్చేది కాదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి నాన్నతో చెప్పాను. మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో రా మెటీరియల్ యార్డ్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. డాకర్ అంటే ఏమిటో ఆయనకి తెలీదు. మొత్తం విని ఒకటే మాట అన్నారు: "యార్డ్ లేకుండా ఫర్నేస్ ముట్టించావేంట్రా?"

ఈ మాట వైజాగ్ వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. మిగతావాళ్ళ కోసం చెప్తాను. మన స్టీల్ ప్లాంట్‌కి సొంత ఇనుప గనులు లేవు. ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా వైపు నుంచి కొండలు దాటి రైల్లో రావాలి. కోకింగ్ కోల్ ఎక్కువగా విదేశాల నుంచి ఓడలో రావాలి. నీళ్ళు కూడా అంతే, ఏలేరు కాలువలో వంద కిలోమీటర్లకి పైగా దాటి వస్తాయి. కానీ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ, ఇవి మన మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు, వీటికి రైలు ఎప్పుడొస్తుందో చూసి ఆకలేయదు కదా. పగలూ రాత్రీ పడుతూనే ఉండాలి. అందుకే మధ్యలో యార్డ్. దూరం నుంచి వచ్చినదంతా అక్కడ కుప్పలు పోసి, అక్కడ్నుంచి కన్వేయర్ మీద కావలసినంత పంపిస్తారు. నీళ్ళకి కూడా ప్లాంట్ పక్కనే కణితి రిజర్వాయర్ ఉంది, పేరే బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. నిల్వ పల్చబడితే ఏమవుతుందో 2024లో చూశాం, ముడిసరుకు సరిపడా లేక ఫర్నేసులు ఆపుకోవాల్సి వచ్చింది.

నాన్న చెప్పింది ఇదే. వాడేది ఇక్కడ, దొరికేది ఎక్కడో దూరంగా. అలాంటప్పుడు మధ్యలో ఒక యార్డ్ ఉండాలి. మన 30 ల్యాప్‌టాప్‌లు ఫర్నేసులు. డాకర్ హబ్ బైలడిల్లా. మధ్యలో యార్డ్ లేదు. అంతే కథ.

సరే, ఇప్పుడు కొంచెం లోపలికి వెళ్దాం. కంటైనర్ అన్న మాట మనకి కొత్త కాదు. ఔటర్ హార్బర్‌లో 2003 నుంచి కంటైనర్ టెర్మినల్ నడుస్తోంది, ఆ పెద్ద క్రేన్లు చూస్తూనే పెరిగాం. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ అమెరికాలో న్యూఆర్క్ నుంచి హ్యూస్టన్‌కి 58 పెట్టెలు మోసుకెళ్ళింది. కంటైనర్ రవాణా కథ అక్కడ మొదలైందంటారు. అప్పటిదాకా బస్తా ఒకలా, డబ్బా ఒకలా, ఒక్కోదాన్నీ మనుషులు మోసేవాళ్ళు. లోపల ఏముందన్నది అనవసరం, పెట్టె సైజు ఒక్కటే ఉంటే చాలు, ఏ క్రేన్ అయినా ఎత్తుతుంది. 2013లో డాకర్ బయటికి వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్‌కి తెచ్చిన ఐడియా కూడా ఇదే. డాకర్ లోగోలో తిమింగలం వీపు మీద ఉన్నవి ఆ పెట్టెలే.

కానీ ఒక తేడా ఉంది, అది మనకి లాభం. పోర్టులో పెట్టె ఒక్కటే ముక్క. డాకర్ ఇమేజ్ మాత్రం పొరలు పొరలుగా ఉంటుంది, వీటిని లేయర్స్ అంటారు. అడుగున లైనక్స్ పొర, దాని మీద పైథాన్, దాని మీద మీ కోడ్. ప్రతి పొరకీ దాని లోపలి సరుకుని బట్టే లెక్కగట్టిన ఒక పొడవాటి గుర్తు ఉంటుంది, షా 256 అంటారు. సరుకులో ఒక్క అక్షరం మారినా గుర్తు మారిపోతుంది. ఏ ఇమేజ్‌కి ఏయే పొరలు కావాలో చెప్పే చీటీ ఇంకోటి ఉంటుంది, దాని పేరు మేనిఫెస్ట్.

దీంతో రెండు లాభాలు. ఒకటి, రెండు ఇమేజ్‌లకి అడుగు పొర ఒకటే అయితే క్యాష్‌లో దాన్ని ఒక్కసారే దాచుకుంటే చాలు. రెండు, మధ్యలో క్యాష్ ఇచ్చినా, అమెరికా సర్వర్ ఇచ్చినా, గుర్తు సరిపోయిందంటే సరుకు అదే. మీ డాకర్ ఆ గుర్తుని తనే సరిచూసుకుంటుంది.

ఇప్పుడు ఆ ఎర్రక్షరాల సంగతి. 2020 నవంబరులో డాకర్ హబ్ ఒక రూల్ తెచ్చింది. లాగిన్ అవకుండా వాడితే 6 గంటలకి 100 పుల్స్, ఉచిత అకౌంట్‌తో లాగిన్ అయితే 200. లాగిన్ లేనప్పుడు లెక్క మనిషికి కాదు, ఐపీ అడ్రస్‌కి. గదిలో 30 ల్యాప్‌టాప్‌లున్నా బయటికి కనబడేది రూటర్ తాలూకు ఒకే అడ్రస్. 30 మంది, తలా 4 ఇమేజ్‌లు, మొత్తం 120. లిమిట్ 100. ఒక్కొక్కరూ నాలుగూ పూర్తి చేసుకుంటూ పోతే 25 మందికి సరిపోయింది, చివరి ఐదుగురికి గేటు పడింది. చూశారా, చివర్లో వచ్చినవాళ్ళకే దెబ్బ.

"మరి అందరూ లాగిన్ అయిపోతే సరిపోతుంది కదా అన్నా" అని మీకు అనిపించొచ్చు. లిమిట్ బాధ తగ్గుతుంది, నిజమే. డేటా బాధ తగ్గదు. లెక్క వేద్దాం. నాలుగు ఇమేజ్‌లూ కలిపి 600 ఎంబీ అనుకోండి. 30 మందికి 18 జీబీ. 100 ఎంబీపీఎస్ లైన్ పూర్తి స్పీడ్‌లో, ఒక్క క్షణం కూడా ఆగకుండా పరిగెడితే 24 నిమిషాలు. నిజ జీవితంలో దానికి రెట్టింపు పట్టినా ఆశ్చర్యం లేదు. అదే క్యాష్ ఉంటే బయటి నుంచి వచ్చేది 600 ఎంబీ ఒక్కసారే, 48 సెకన్లు. మిగతాదంతా గదిలోనే తిరుగుతుంది. ఇక హాట్‌స్పాట్ వాళ్ళకైతే 600 ఎంబీ అంటే 1.5 జీబీలో 40 శాతం. ఇందాక డబ్బులు మిగులుతాయన్నది ఇదే.

ఇక పని మొదలుపెడదాం. కావలసినవి మూడు. ఒక పాత కంప్యూటర్, అందులో లైనక్స్, డాకర్. ర్యామ్ పెద్దగా అక్కర్లేదు, డిస్క్‌లో ఓ 50, 100 జీబీ ఖాళీ ఉంటే మనలాంటి గదికి సరిపోతుంది. దీన్ని రూటర్‌కి వైరుతోనే కలపండి, వైఫై వద్దు. ఎందుకంటే వైఫై గాలి అందరిదీ. క్యాష్ కూడా అదే గాలిలోంచి మాట్లాడితే ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణం చేస్తుంది.

మొదటి మెట్టు: ఆ కంప్యూటర్‌కి మారని ఐపీ ఇవ్వండి. రూటర్ సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. నేను 192.168.1.50 పెట్టాను. ఇది మారిపోతే రేపు 30 ల్యాప్‌టాప్‌లలో మళ్ళీ మార్చాలి, గుర్తుపెట్టుకోండి.

రెండో మెట్టు: క్యాష్‌ని నడపడం. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. రిజిస్ట్రీ అనే ఇమేజ్ ఉచితంగా దొరుకుతుంది, ఓపెన్ సోర్స్. దాన్ని డాకర్ రన్‌తో లేపుతున్నాం. స్క్రీన్ మీద కమాండ్ కనబడుతోంది, ముక్కలు ముక్కలుగా చెప్తాను. వెనకాల నడవడానికి డిటాచ్ ఆప్షన్. రీస్టార్ట్ ఆల్వేస్ అని పెట్టాం, కరెంటు పోయి వచ్చాక డాకర్ సర్వీస్ లేవగానే అదే లేస్తుంది. పోర్ట్ 5000. ఒక ఫోల్డర్‌ని లోపలి వార్ లిబ్ రిజిస్ట్రీకి తగిలించాం. ఇది మర్చిపోతే కంటైనర్ తీసేసి మళ్ళీ పెట్టినప్పుడు పాత సరుకు దొరకదు. ఆఖరిది, అసలైనది: రిజిస్ట్రీ ప్రాక్సీ రిమోట్ యూఆర్ఎల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. దానికి విలువగా డాకర్ హబ్ రిజిస్ట్రీ అడ్రస్ ఇస్తాం. ఈ ఒక్క లైన్ లేకపోతే ఇది మామూలు ఖాళీ గోదాము. లైన్ ఉంటే, "నా దగ్గర లేకపోతే వెళ్ళి తెస్తా" అనే గోదాము. దీనికి పుల్ త్రూ క్యాష్ అని పేరు.

మూడో మెట్టు: ల్యాప్‌టాప్‌లకి ఈ గోదాము ఉందని చెప్పడం. లైనక్స్‌లో ఈటీసీ ఫోల్డర్‌లో డాకర్, దానిలో డీమన్ డాట్ జేసన్ ఫైల్. విండోస్, మ్యాక్ వాళ్ళకి డాకర్ డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో డాకర్ ఇంజిన్ అనే పేజీ ఉంటుంది, అక్కడ అదే జేసన్ కనబడుతుంది. అందులో రిజిస్ట్రీ హైఫన్ మిర్రర్స్ అనే పేరు, దాని ఎదురుగా చతురస్ర బ్రాకెట్లలో మన క్యాష్ అడ్రస్, పోర్ట్ 5000తో సహా. కామాలు, కొటేషన్లు జాగ్రత్త, ఒక్క కామా తేడా వస్తే డాకర్ లేవనే లేవదు. సేవ్ చేసి డాకర్‌ని రీస్టార్ట్ చేయండి. తర్వాత డాకర్ ఇన్ఫో కొట్టండి. కింద రిజిస్ట్రీ మిర్రర్స్ అని మీ అడ్రస్ కనబడితే పని అయినట్టే.

నాలుగో మెట్టు: నమ్మకండి, పరీక్ష చేయండి. ఆల్పైన్ అనే చిన్న ఇమేజ్ పుల్ చేయండి. తర్వాత ఫోన్ బ్రౌజర్ తెరిచి, క్యాష్ అడ్రస్ కొట్టి, చివర వీ2, స్లాష్, అండర్‌స్కోర్ కేటలాగ్ అని పెట్టండి. లైబ్రరీ స్లాష్ ఆల్పైన్ అని కనబడాలి. కనబడితే సరుకు యార్డ్‌కి చేరినట్టు. కనబడకపోతే మీ ల్యాప్‌టాప్ గోదాముని దాటేసి నేరుగా హబ్‌కి వెళ్ళిపోయింది. ఇది చాలామంది పట్టించుకోరు. క్యాష్ చచ్చిపోయినా డాకర్ మీకేమీ చెప్పదు, చప్పుడు చేయకుండా నేరుగా హబ్ నుంచి తెచ్చుకుంటుంది. మీరేమో క్యాష్ పనిచేస్తోందనుకుని నిశ్చింతగా ఉంటారు.

ఇంతవరకు బాగానే ఉంది కదా? నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు రెండో తప్పు చెప్తాను.

తర్వాతి డాకర్ క్లాస్ రెండు వారాలకి పెట్టుకున్నాం. ఈసారి చేతులు కాలాక ఆకులు పట్టుకోకూడదని, ముందే ఒక శనివారం కూర్చుని నాలుగు ఇమేజ్‌లూ పుల్ చేసి క్యాష్ నింపేశాను. నెట్ లేకపోయినా క్లాస్ నడుస్తుందని ధీమా. రెండు వారాలు పోయాక ఆ ఆదివారం పొద్దున్న, వీధి చివర ఏదో తవ్వకంలో కేబుల్ తెగింది. నెట్ లేదు. "ఏం ఫర్వాలేదు, మనకి యార్డ్ ఉంది" అని పెద్దగా అన్నాను. పిల్లలు పుల్ కొట్టారు. రాలేదు. ఎవ్వరికీ రాలేదు.

కారణం చూస్తే, ఈ రిజిస్ట్రీ క్యాష్‌కి గడువు ఉంది. తెచ్చిన సరుకుని 168 గంటలు, అంటే 7 రోజులే ఉంచుకుంటుంది. ఆ తర్వాత పాతదని తీసి పారేస్తుంది. డిస్క్ నిండిపోకుండా పెట్టిన ఏర్పాటు అది, తప్పు దానిది కాదు. చదవకుండా ధీమా పడ్డ తప్పు నాది. నేను పాత ట్యుటోరియల్ చూసి రెండో వెర్షన్ పెట్టాను, అందులో ఈ గడువు మార్చడానికి వీల్లేదు. మూడో వెర్షన్ 2025లో వచ్చింది, అందులో టీటీఎల్ అనే సెట్టింగ్ ఉంది. దాన్ని 0 చేస్తే గడువు ఉండదు. కానీ అప్పుడు డిస్క్ మీద మీరే ఒక కన్నేసి ఉంచాలి. నేనిప్పుడు మూడో వెర్షన్‌కి మారాను, 0 పెట్టాను, నెలకోసారి డిస్క్ ఎంత ఉందో చూస్తున్నాను.

ఆ రోజు క్లాస్ ఎలా నడిచిందంటే, నా ల్యాప్‌టాప్‌లో ఇమేజ్‌లు ఉన్నాయి కాబట్టి డాకర్ సేవ్‌తో ఫైల్‌గా చేసి, రెండు పెన్‌డ్రైవ్‌లు వరుసలో తిప్పాం. వాళ్ళు డాకర్ లోడ్ కొట్టుకున్నారు. మీకు పాత కంప్యూటర్ కూడా లేదనుకోండి, ఈ పెన్‌డ్రైవ్ పద్ధతే మీ క్యాష్. నామోషీ ఏమీ లేదు. ఒకరు దించుకుంటే పదిమందికి పనికొచ్చిందా లేదా, అదే లెక్క.

ఇంకొన్ని జాగ్రత్తలు, గబగబా చెప్పేస్తాను.

ఒకటి, ఈ మిర్రర్ సెట్టింగ్ డాకర్ హబ్ ఇమేజ్‌లకే. గిట్‌హబ్ రిజిస్ట్రీ, క్వే లాంటి వాటికి ఇది వర్తించదు, వాటికి విడిగా ఏర్పాటు చేసుకోవాలి.

రెండు, ఇందులోకి మీ సొంత ఇమేజ్ పుష్ చేయలేరు. తేవడమే దీని పని. మీ ఇమేజ్‌లు దాచుకోవాలంటే ఇంకో రిజిస్ట్రీ వేరే పోర్ట్‌లో లేపుకోండి.

మూడు, ఇది ముఖ్యం. లిమిట్ పెంచుకుందామని క్యాష్‌లో మీ అకౌంట్ పేరు, టోకెన్ పెట్టొచ్చు. కానీ ఆ అకౌంట్‌కి కనబడే ప్రైవేట్ ఇమేజ్‌లన్నీ గదిలో ఎవరైనా లాక్కోవచ్చు, పాస్‌వర్డ్ అడగదు. ఆఫీసు అకౌంట్ అస్సలు పెట్టకండి. ప్రైవేట్ ఇమేజ్ ఒక్కటీ లేని ఉచిత అకౌంట్ ఒకటి దీనికోసమే తీసుకోండి. ఆ 5000 పోర్ట్‌ని రూటర్ దాటి బయటికి తెరవకండి.

నాలుగు, మీ ఫ్రెండ్ దగ్గర కొత్త మ్యాక్ ఉందనుకోండి, దానికి కావలసింది ఆర్మ్ పొరలు. మీరు ఇంటెల్ ల్యాప్‌టాప్‌తో క్యాష్ నింపితే ఆ పొరలు అందులో ఉండవు. క్లాస్‌కి ముందు రెండు రకాలతోనూ ఒక్కోసారి పుల్ చేయండి.

ఐదు, లేటెస్ట్ అనే ట్యాగ్ జోలికి పోకండి. ఇవాళ్టి లేటెస్ట్ రేపు మారిపోతుంది. మీకో వెర్షన్, పక్కవాళ్ళకి ఇంకో వెర్షన్ వస్తే ఎర్రర్ ఎక్కడుందో వెతుక్కోలేక చస్తారు. వెర్షన్ నంబర్ రాసి వాడండి.

ఆరు, డాకర్‌ఫైల్‌లో పిప్ ఇన్‌స్టాల్, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ రాస్తాం కదా, అవి ఈ క్యాష్ గుండా రావు, నేరుగా నెట్‌కి వెళ్తాయి. దానికి డెవ్‌పీఐ, వెర్డాచియో లాంటివి వేరే ఉన్నాయి, ఇంకో ఎపిసోడ్‌లో చేద్దాం.

మరి నెట్ లేనప్పుడు ఇది ఎలా స్పందిస్తుంది? మీరు ఒక ట్యాగ్ అడిగితే, క్యాష్ ముందు హబ్‌ని అడుగుతుంది, "దీంట్లో కొత్తదేమైనా వచ్చిందా" అని. అలా ఊరికే అడగడం లిమిట్‌లో లెక్కకి రాదు. కొత్తది లేకపోతే తన దగ్గరున్నదే ఇస్తుంది. హబ్ అసలు పలకకపోయినా తన దగ్గరున్నదే ఇస్తుంది. హబ్ పలకకపోవడమేంటి అనుకోకండి. 2025 అక్టోబరు 20న అమెరికాలో అమెజాన్ క్లౌడ్ ఒక రీజియన్‌లో ఇబ్బంది వచ్చినప్పుడు, దాని మీద ఆధారపడ్డ డాకర్ హబ్ కూడా ప్రపంచమంతా ఇబ్బంది పెట్టింది. అక్కడెక్కడో తుమ్మితే ఇక్కడ మన బిల్డ్ ఆగిపోయింది.

వైజాగ్ వాళ్ళకి ఈ సంగతి ఒకరు చెప్పాలా? 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. ఆ రోజు గుర్తున్నవాళ్ళకి తెలుసు. చెట్లు, స్తంభాలు, టవర్లు అన్నీ పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ పలకదు. ఆ వారం మా వీధి నడిచింది ఎవరింట్లో ఏం నిల్వ ఉందో దాని మీదే. ఒకరింట్లో బావి ఉంది, ఒకరింట్లో బియ్యం ఉన్నాయి, ఒకరి దగ్గర కిరోసిన్ స్టవ్ ఉంది. ఉన్నవాళ్ళు తలుపు తీసి పెట్టారు. అంతే.

క్యాష్ గురించి నాకు అర్థమైంది కూడా అదేనండి. పెద్ద కంపెనీల్లో దీన్ని స్పీడ్ కోసం పెడతారు. మనలాంటి గదుల్లో స్పీడ్ రెండో సంగతి. మంచి ప్లాన్ ఉన్నవాడికి క్యాష్ లేకపోయినా నడుస్తుంది, ఓ పది నిమిషాలు ఆలస్యమవుతుంది. రోజుకి 1.5 జీబీతో నెట్టుకొచ్చేవాళ్ళకి మాత్రం నేర్చుకోవడమా, ఇంటికి వెళ్ళిపోవడమా అన్నది దీని మీదే ఆధారపడుతుంది. కాబట్టి ఫ్రెండ్స్, మీ హాస్టల్‌లోనో, కాలేజీ ల్యాబ్‌లోనో, మూలన పడున్న ఒక కంప్యూటర్ ఉంటే అడగండి. పర్మిషన్ తీసుకుని పెట్టండి. గంట పని.

ఆ అమ్మాయి సంగతి అడుగుతారు కదా. నేనే ఫోన్ చేసి మళ్ళీ రమ్మన్నాను, ఆ పెన్‌డ్రైవ్‌ల రోజు వచ్చింది. తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చింది, ఈసారి క్యాష్ సరిగ్గా నిండి ఉంది. వైఫైలో అందరూ ఒకేసారి లాగారు కాబట్టి నాలుగు ఇమేజ్‌లూ దిగడానికి పది నిమిషాల పైనే పట్టింది, సెకన్లలో రాలేదు, అబద్ధం చెప్పను. కానీ అందరికీ వచ్చాయి. వెనక వరుసకి కూడా. తన ఫోన్ బ్యాగ్‌లోనే ఉంది, బయటికి తీయలేదు.

క్లాస్ అయ్యాక అందరూ వెళ్ళిపోయారు, తను ఆగింది. టేబుల్ కింద ఈ డబ్బా వైపు చూస్తూ, "సార్, ఇది మామూలు రోజుల్లో కూడా ఆన్‌లో ఉంటుందా? కాలేజీ అయ్యాక ఓ గంట వచ్చి కూర్చోవచ్చా?" అని అడిగింది.

ఉంటుందమ్మా అన్నాను. గది తాళం కింద షాపులో ఇచ్చి పెట్టాను. ఇప్పుడు వారంలో మూడు సాయంత్రాలు ఇక్కడ నలుగురైదుగురు కూర్చుంటున్నారు.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. స్క్రీన్ మీద చూపించిన కమాండ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, టీటీఎల్ సంగతి మాత్రం మర్చిపోకండి. మళ్ళీ ఎపిసోడ్‌లో పిప్, ఎన్‌పీఎంలకి ఇలాంటి యార్డే ఎలా కట్టుకోవాలో చూద్దాం. అంతవరకు సెలవు. నమస్తే.